ఫిబ్రవరి బల్ల

ఏటా ఫిబ్రవరిలో
లైబ్రరీ కింది అంతస్తులో పొడవాటి బల్ల ఒకటి వేస్తాం.
అయోవాలో మా మూలన అప్పటికింకా
మొక్కజొన్న మోళ్ళ మీద మంచు కరగదు.
గాలి ఇటు మళ్ళితే పందుల దొడ్ల వాసన
చదువుకునే గది దాకా వచ్చి కూర్చుంటుంది.
ఆ ఏడాది మా కాలేజీ అధ్యాపకులు
రాసినవీ చేసినవీ అన్నీ ఆ బల్ల మీదికి చేరాలి.
లేబుళ్ళు రాసేది నేను.
ఇరవై రెండేళ్ళుగా అదే నల్ల సిరా, అదే పాళీ.
అక్షరం ఎత్తు ఎవరికైనా ఒక్కటే.

అందరికన్నా ముందొచ్చేది హెండ్రికా డైక్‌హౌస్,
ఏటి బురదలో ఆల్చిప్పలు లెక్కపెట్టే మనిషి.
తొమ్మిది వేసవులు మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే
పదకొండు పేజీలు.
"పోయినసారి నలభై ఒకటి. ఈసారి ముప్పై ఎనిమిది"
అని, అయినవాళ్ళెవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పి
చేతి తొడుగులైనా తీయకుండా వెళ్ళిపోయింది.

టీడే హుక్‌మన్ తెచ్చింది ఒక్క మాట మీద పుస్తకం.
ఒక్కటంటే ఒక్కటే, హీబ్రూ మాట.
దాన్ని ఆవిరి అనాలా, ఊపిరి అనాలా,
ఉత్తదే అనాలా
అని పందొమ్మిదేళ్ళు కూర్చున్నాడు.
తేలిందా అని అడిగాను.
కిటికీ అద్దం మీద హా అని ఊది,
అది చెరిగిపోయేదాకా ఆగి,
"కాఫీ ఉందా?" అన్నాడు.

ఆర్గన్ వాయించే కొర్నీలియా స్వరరచన
ఎవరి అంత్యక్రియల్లోనో ఒక్కసారి వినిపించింది, అంతే.
కాగితం మీద అది చీమల బారు.
నాకు సంగీతం చదవడం రాదు.
అయినా ఆ చీమలు చెదిరి మళ్ళీ బారు కట్టిన చోట
వేలు పెట్టి కాసేపు ఆగాను.

సగం దీపాలు ఆర్పేశాక వచ్చింది
లెక్కల ఆర్డిస్ ఫేన్‌స్ట్రా.
రెండేళ్ళ కిందట ఆమె రుజువు అచ్చయినప్పుడు
ప్రార్థనశాలలో డీన్ గారు ప్రకటించారు, కేకు కోశాం.
ఆ లేబులూ నేనే రాశాను.
ఇప్పుడు రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది.
ఒకటి, ఆ రుజువును వెనక్కి తీసుకుంటున్నానంటూ అయిదు పంక్తులు.
రెండోది ఎక్కడో స్లొవేనియా నుంచి ఒక విద్యార్థి ఉత్తరం:
"పదిహేడో పేజీ, మూడో పంక్తి.
అక్కడ మీరు ఉందనుకున్నది లేదు."

డీన్ గారు అప్పుడే మెట్లు దిగి వచ్చారు.
"రేపు నాలుగింటికి దాతలు వస్తున్నారు, ఆర్డిస్.
ఇది ఇక్కడ ఉండాలా?"

"ఈ ఏడాది నేను చేసిన పని ఇదే.
తప్పు నాదేనని నాకు నేను రుజువు చేసుకోవడానికి
నాలుగు నెలలు పట్టింది.
మొదటి రుజువు కన్నా ఇదే గట్టిది."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు,
మళ్ళీ తీశారు.
ఏమీ అనకుండా పూలకుండీని గోడవారకు జరిపి
ఆ రెండు కాగితాలకు చోటు చేశారు.

ఇక నా వంతు.
పేరు రాశాను. ఏడాది రాశాను.
మధ్యలో ఏం రాయాలి?
రచన కాదు, ప్రచురణ కాదు.
పాళీ ఎత్తిన చోట సిరా చుక్క పడింది.
ఇంకో అట్టముక్క తీసుకుని
"దిద్దుబాటు" అని రాశాను,
అక్షరం ఎత్తు తగ్గకుండా.

మర్నాడు దాతలంతా కుండల దగ్గరా ఆల్చిప్పల దగ్గరా మూగారు.
సోయా రైతు ఒకాయన మాత్రం, చెవిలో మిషన్ సర్దుకుంటూ
ఆ ఉత్తరం ముందే నిలబడ్డాడు.
"నేనూ ఒకసారి ఉత్తరపు పొలంలో
మురుగు గొట్టాలు ఎదురు వాలుకు వేయించాను.
చెప్పింది పక్కింటి పిల్లాడు.
మూడేళ్ళు వాడితో మాట్లాడలేదు."
కాసేపాగి అడిగాడు,
"ఈ కుర్రాడికి థాంక్స్ రాశారా ఎవరైనా?"

"ముందు రాసింది అదే" అంది ఆర్డిస్.

ఆయన తలూపి
ఇంకో బాదం రొట్టె ముక్క తీసుకున్నాడు.